వేడిమికి కళ్లెము

మన ఉద్దానపు తీరమున ఇండ్లను వెచ్చజేయు యంత్రములు లేవు. వాని యవసరమును లేదు. పుష్యమాసపు తెల్లవాఱుజామున మహేంద్రగిరి వైపునుండి చలిగాలి వీచినప్పుడు వాకిట నాలుగు ఎండుటాకులు పోగుచేసి చలిమంట వేసికొందుము. ముసలివారి మంచము ప్రక్కన కుంపటి నుంతుము. అంతటితో మన చలి తీఱును. కావున, గది వేడిమిని తనంతట తానే కనిపెట్టి యుండు థర్మోస్టాట్ అను యంత్రమును గూర్చి చెప్పబోవుచున్నాననగానే, ఇది శీతలదేశముల వారి గొడవ, మనకేల యని మీరనుకొనవచ్చును. నేనును చాలకాలమట్లే యనుకొంటిని. కాని ఆ యంత్రము మన ప్రాంతమునకు వచ్చి చాలకాలమైనది. అది మన పడకగదిలోనికి రాలేదు. జీడిపప్పు ఆరబెట్టు గదిలోనికి వచ్చినది.

ఆ గది గోడమీది చిన్న పెట్టె యెట్లు పుట్టినది, పాతదానిని తీసి అంకెలు చూపు క్రొత్తదానిని పెట్టునప్పుడు ఏమి జరిగినది, అందువలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము కలిగినది — ఈ సంగతులను నేడు మీకు విన్నవింపదలచితిని. ఇందులో నా పొరపాటు కథ కూడ నొకటి కలదు. దానిని దాచను.

ముందుగా జీడిపప్పునకును వేడిమికిని గల సంబంధమును చెప్పవలెను. జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని బ్రెజిలునుండి మన పశ్చిమతీరమునకు తెచ్చిరి. ఇసుకనేలలో మొండిగా బ్రతుకునది గనుక క్రమముగా తూర్పుతీరమునకును వ్యాపించినది. మనవారు దానికి పెట్టిన పేరు చూడుడు. చాకలి గుడ్డలపై గుఱుతులు పెట్టు జీడిగింజ రసమువలె దీని పెంకులోని రసమును చర్మమును పొక్కించును. చెట్టు చూడగా మామిడి జాతిది. రెండును గలిపి జీడిమామిడి యనిరి. వృక్షశాస్త్రజ్ఞులు కూడ ఈ మూడింటిని ఒకే కుటుంబములో జేర్చినారు.

ఆ జీడి యున్నది గనుకనే పిక్కనుండి పప్పు తీయుటకు వేడిమి కావలసివచ్చినది. వేడిమి రెండు పర్యాయములు కావలెను. మొదటిది పెంకు కొఱకు. పూర్వము పిక్కలను ఇనుపపెనములపైనను, త్రిప్పుడు పీపాలలోను కాల్చెడివారు. నల్లని పొగ కన్నులను మండించెడిది. ఇప్పుడు పెక్కుచోట్ల పిక్కలను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కత్తుల యంత్రముతో కొట్టుచున్నారు. రెండవ వేడిమి పప్పు కొఱకు. పెంకు తీసిన పప్పును అంటిపెట్టుకొని యెఱ్ఱని పలుచని పొట్టు ఉండును. పప్పును పళ్లెరములలో పఱచి, వేడిగాలి ఆడు గదిలో ఇంచుమించు 70 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆఱు మొదలు ఎనిమిది గంటలవఱకు ఉంచవలెను. అందలి తేమ నూటికి నాలుగు పాళ్లకు దిగినప్పుడు పొట్టు ముడుచుకొని వదులగును. వ్రేలితో నలిపిన రాలిపోవును.

ఈ రెండవ వేడిమియందే అసలు చిక్కున్నది. వేడిమి చాలకున్న పొట్టు ఊడదు. ఒలుచు స్త్రీ చాకుతో గీకవలెను. గీకిన గుండు బద్దయగును, బద్ద ముక్కయగును. ఒలిచిన పప్పును తూచి కూలి నిచ్చుచోట ఆమె దినమంతయు కూర్చున్నను తూకము పెరుగదు. వేడిమి మితిమీరినచో పప్పు కమిలి గోధుమవన్నెకు దిగును. విదేశములకు పోవు పప్పును లెక్కబట్టి వర్గీకరింతురు. 320 రకమనగా ఒక పౌను, అనగా 454 గ్రాముల తూకమునకు 300 మొదలు 320 గుండ్లు వచ్చునది. గుండెంత పెద్దదైనను, వన్నె చెడినచో దానిని కమిలిన పప్పుల జాతిలో వేఱుచేసి తక్కువ వెల కట్టుదురు. కాబట్టి కొలది డిగ్రీలు తగ్గిన కూలిదాని చేతికి నష్టము. కొలది డిగ్రీలు పెరిగిన యజమాని సరకునకు నష్టము. గోడమీది పెట్టె ఆ యిద్దఱి నడుమ నున్నది.

యంత్రము రాకమునుపు ఈ తీర్పు మనిషి చేతిలో నుండెడిది. గదిని కనిపెట్టి యుండువారు తలుపు కొంచెము తెఱచి, ముంజేయి లోనికి చాపి, వేడిమి హెచ్చో తగ్గో చెప్పెడివారు. నాలుగు పప్పులు తీసి వ్రేళ్ల నడుమ నలిపి, వాసన చూచి, నిప్పు పెంచుటయో తగ్గించుటయో చేసెడివారు. ఆ నేర్పు గొప్పది. కాని అది ఆ మనిషి మేలుకొని యున్నంతసేపే పనిచేయును. ఎనిమిది గంటల కాపలాలో ఒక్క కునుకు పట్టిన చాలును.

నిప్పునకు నిద్రపోని కావలివాని నేర్పఱుపవలెనను కోరిక క్రొత్తది కాదు. 17వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో నివసించిన కార్నీలియస్ డ్రెబెల్ అను డచ్చి దేశస్థుడు కోడిగ్రుడ్లను పొదిగించుటకు ఒక పొయ్యిని కల్పించెను. పెట్టెలో వేడిమి పెరిగినప్పుడు గొట్టములోని మద్యసారము వ్యాకోచించి పాదరసమును త్రోయును. పాదరసము ఒక కడ్డీని లేపును. కడ్డీ పొయ్యికి గాలి పోవు ద్వారమును మూయును. వేడిమి తగ్గిన ద్వారము మరల తెఱచుకొనును. కోడి తన గ్రుడ్లకు చేయు సేవను ఆ యంత్రము చేసినది. అప్పటికి ఉష్ణమాపకముల అంకెలు కూడ స్థిరపడలేదు. ఫారెన్‌హైటు పాదరసపు ఉష్ణమాపకమును 1714లో చేసెను. సెల్సియస్ నూఱు భాగముల కొలమానమును 1742లో ప్రకటించెను. ఉష్ణమాపకము వేడిమి యెంతయో చెప్పునే గాని, దానిని దిద్దలేదు. చెప్పుట వేఱు, దిద్దుట వేఱు. థర్మోస్టాట్ దిద్దునది.

తరువాత వచ్చిన ఉపాయము రెండు లోహముల పలక. దీని కీలకము సులభమైనది. ఒక మీటరు పొడవుగల యిత్తడి కడ్డీని నూఱు డిగ్రీలు వేడిచేసిన ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు సాగును. అంతే పొడవుగల యుక్కుకడ్డీ ఒకటింబావు మిల్లీమీటరు మాత్రమే సాగును. ఈ రెండింటిని పలుచని రేకులుగా చేసి ఒకదానిపై నొకటి గట్టిగా అతికినచో, వేడి తగిలినప్పుడు ఇత్తడి ముందునకు పోవ జూచును, ఉక్కు పోనీయదు. పలక ఉక్కువైపునకు వంగును. చల్లారిన తిన్ననగును. ఓడలపై కాలమును సరిగా చూపు గడియారములను నిర్మించిన జాన్ హారిసన్ అను ఆంగ్లేయుడు 18వ శతాబ్ది నడుమ ఇట్టి పలకను వాడెను. 1830లో గ్లాస్గోలో పుట్టిన ఆండ్రూ యూర్ మిల్లుల వేడిమిని అదుపుచేయుటకు ఈ పలకతోనే ఒక సాధనమునకు హక్కుపత్రమును పొందెను. థర్మోస్టాట్ అను పేరు పెట్టినవాడు ఆయనయే. వేడిమిని నిలుపునది యని దాని యర్థము.

ఇండ్లలోనికి ఈ సాధనము వచ్చిన కథ మఱి యొకటి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరిలో వారెన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడుండెను. చలికాలమున పాఠశాల నౌకరు గంటగంటకు ప్రతి తరగతిలోనికి వచ్చి ఉష్ణమాపకమును చూచి, నేలమాళిగకు దిగి కొలిమి ద్వారమును సవరింపవలసివచ్చెడిది. పాఠము నడుమ తెగిపోవుచుండెను. విసిగిన ఉపాధ్యాయుడు, గదిలో వేడిమి మారగానే క్రింద గంట మ్రోగునట్లు విద్యుత్తుతో పనిచేయు సాధనమును కల్పించి 1883లో హక్కుపత్రము పొందెను. 1885లో మినియాపొలిస్ నగరమున ఆల్బర్ట్ బట్జ్ అనునతడు, ఇల్లు చల్లబడగానే బొగ్గుపొయ్యి గాలితలుపును తానే లేపు యంత్రమును నిర్మించెను. 1953లో హనీవెల్ సంస్థ, హెన్రీ డ్రైఫస్ రూపకల్పన చేసిన గుండ్రని థర్మోస్టాటును అమ్మకమునకు పెట్టెను. అందులో చుట్టగా చుట్టిన జంటలోహపు పలక, దాని కొనయందు పాదరసము గల చిన్న గాజుబుడ్డి యుండెడివి. బుడ్డి ఒకవైపు వ్రాలిన పాదరసము జాఱి తీగలను కలుపును; రెండవవైపు వ్రాలిన విడదీయును. లక్షలాది యిండ్ల గోడలపై అది దశాబ్దములపాటు నిలిచినది.

మన ఆరబెట్టు గదులకు వచ్చిన పాతయంత్రము దీనికి దాయాది. దాని ముఖమున అంకెల గీతలుగల చక్రము. వెనుకనుండి వెండ్రుకవంటి సన్నని రాగిగొట్టము గదిలోనికి పోవును. దాని చివర ద్రవము నింపిన బుడ్డి. వేడిమికి ద్రవము వ్యాకోచించి, గొట్టము ద్వారా పెట్టెలోని పలుచని రేకును ఉబ్బజేయును. రేకు మీటను త్రోయగా విద్యుత్తు తెగును. దీనికి వేఱుగా తిండి అక్కఱలేదు. వేడిమియే దానిని నడపును. కాని లోపములు కలవు. చక్రముమీది గీతకును గదిలోని వేడిమికిని కాలక్రమమున నాలుగైదు డిగ్రీల తేడా వచ్చును. ఒకసారి తెగినది మరల కలియుటకు గది చాల చల్లబడవలెను. మీట కొనలు నిప్పురవ్వలకు మాడును.

క్రొత్తయంత్రము త్రోవ వేఱు. అందులో వంగునదిగాని ఉబ్బునదిగాని లేదు. వేడిమి పెరిగినకొలది లోహపుతీగ విద్యుత్తునకు ఎక్కువ అడ్డుపడునను సత్యమే దానికాధారము. ప్లాటినపు తీగతో వేడిమిని కొలువవచ్చునని విలియం సీమెన్స్ 1871లో చూపెను. 1887లో క్యాలెండర్ అను శాస్త్రజ్ఞుడు ఆ కొలతను నమ్మదగినదిగా చేసెను. నేడు పరిశ్రమలలో వాడు ప్లాటినపు తీగ సున్న డిగ్రీల వద్ద 100 ఓముల అడ్డును, నూఱు డిగ్రీల వద్ద 138.5 ఓముల అడ్డును చూపును. ఆ తేడాను అంకెగా మార్చి, మనము కోరిన అంకెతో పోల్చి, విద్యుత్తును కలుపుటయో తెంచుటయో చేయునది లోపలి చిన్న గణకము. అట్టి గణకమును ఒకే సిలికాను ముక్కపై ఇమిడ్చి 1971లో అమ్మకమునకు తెచ్చిన తరువాత ఈ విద్య చౌకయైనది.

ఇక నా పొరపాటు. కొన్నియేండ్ల క్రిందట నాకు పరిచితుడగు ఒక చిన్న యజమాని, నాకు విద్యుత్తు పని కొంత తెలియునని, తన గదిలోని పాత చక్రమును తీసి అంకెల యంత్రమును పెట్టుమని పిలిచెను. నేను తీగల సంగతి బాగుగానే చూచికొంటిని. మొదట విద్యుత్తు ఆపి, ఏ తీగ ఎచ్చట నుండెనో గుఱుతు చీటీలు కట్టితిని. పాతదానికి తిండి అక్కఱలేదు గాని క్రొత్తదానికి కావలెను గనుక వేఱుగా రెండు తీగలు లాగితిని. అమెరికాలో పాత యిండ్లు కొనిన మన పిల్లలు థర్మోస్టాటు మార్చబోయి మొదట తడబడునది ఇచ్చటనే. అనేకములైన పాతయిండ్లలో గోడనుండి రెండు తీగలే వచ్చును; అంకెల యంత్రమునకు నిరంతరము విద్యుత్తు నిచ్చుటకు మఱియొక తీగ కావలసివచ్చును. మఱియు క్రొత్తపెట్టెలోని చిన్న మీట గదిని వేడిచేయు కమ్మీల బరువును మోయలేదు గనుక, ఆ బరువును మోయుటకు వేఱుగా కాంటాక్టరును పెట్టితిని. ఇంతవఱకు సరియే.

కాని వేడిమిని పసిగట్టు కడ్డీకి వచ్చిన తీగ పొట్టిది. దానిని గది నడిమికి తీసికొనిపోక, తలుపుప్రక్కనే బిగించితిని. అంకె 70 వద్ద నిలుకడగా నున్నది. యజమాని సంతోషించెను. మూడుగంటలు గడిచిన పిమ్మట, ఆ గదిని చాలయేండ్లుగా కనిపెట్టి యున్న ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, పప్పు మాడు వాసనొస్తంది" అనెను. యజమాని అంకెను చూపి, "అప్పా, డెబ్బై దాటలేదు గదా" అనెను. ఆమె మాఱుపలుకక తలుపు తెఱచి వెనుకవైపు పళ్లెరము నొకదానిని లాగి మా ముందుంచెను. పప్పు గోధుమవన్నెకు తిరిగియున్నది.

గాజు ఉష్ణమాపకముతో చూడగా తలుపువద్ద 70, నడుమ 76, వెనుక 84 డిగ్రీలు. తలుపు సందునుండి వచ్చు చల్లగాలి తగిలి కడ్డీ మోసపోయినది. యంత్రము అబద్ధమాడలేదు, తానున్నచోటి సంగతిని సత్యముగా చెప్పినది. దానిని తప్పుచోట నుంచినవాడను నేను. మఱునాడు పొడవైన తీగ తెచ్చి, పళ్లెరముల నడుమ గాలి తిరుగుచోట కడ్డీని అమర్చితిని. తలుపు అంచులకు పట్టీలు వేయించితిని. పంకా తిరుగనిదే కమ్మీలు వేడెక్కకుండునట్లు తీగలను ముడివేసితిని. గాజు ఉష్ణమాపకమును గదిలోనుండి తీసివేయించితిని. అందలి పాదరసము విషము. పగిలినచో తినెడి పప్పులో పడును. పాదరసపు వాడుకను తగ్గించుటకు 2013లో దేశములు మినమాట ఒడంబడికను అంగీకరించినది కూడ ఇట్టి హానిని తలచియే.

కథ అంతటితో ముగియలేదు. మాడిన సరకును చూచి భయపడిన యజమాని, అంకెను 62కు దింపి, ఎవరును మార్చకుండ రహస్యసంఖ్యతో యంత్రమునకు తాళము వేసెను. పెట్టెను తన గదిలోనికి మార్చెను. పప్పు తెల్లగా వచ్చుచుండెను. కాని ఒలుచువారి బుట్టలు సాయంకాలపు తూకమున తేలికయ్యెను. ఒక వారము గడిచిన పిమ్మట ఆ పెద్దావిడయే నాతో నిట్లనెను: "వేడి సాలట్నేదు బాబూ. పొట్టు ఊడి రాట్నేదు. పాత సక్రం ఉన్నప్పుడు గీత సూసి సెప్పీవోళ్లం. ఇప్పుడు అంకెలకి తాళం ఏసీసినారు."

ఆ మాట విన్నప్పుడు నాకు 1940వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చినది. మీలో పెక్కురు తల్లిదండ్రులనుండి విన్న సంగతియే. మందస జమీందారీలో రైతులకు అడవి కలపపై హక్కు లేదని ఆంక్షలుండెను. రైతులు ఎదిరించిరి. గుడారి రాజమణిపురమున 1940 ఏప్రిల్ 1వ తేదీన జరిగిన కాల్పులలో సాసుమాన గున్నమ్మయు, మఱికొందఱును ప్రాణములు గోల్పోయిరి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినది, జమీందారీలు పోయినవి. నేను ఆ త్యాగమును ఈ గోడపెట్టె తగాదాతో సరితూచుట లేదు. అంత తులలేనివాడను కాను. కాని కొయ్యయైనను, విద్యుత్తైనను, వేడిమి యెంత, ఎవరికి, ఎవరు నిర్ణయింతురనునది మన యీ నేలకు క్రొత్త ప్రశ్న కాదని మాత్రము చెప్పుచున్నాను.

యజమాని చెడ్డవాడు కాడు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన తీరమును దాటినప్పుడు ఉద్దానపు జీడితోటలును కొబ్బరితోటలును ఎట్లు కూలినవో మీరెఱుగుదురు. పిక్క దొరకుట కష్టమైన దినములలో ఒక గది సరకు మాడుట ఆతనికి చిన్న నష్టము కాదు. కావున నేనాతని నెదుట కూర్చుండబెట్టి లెక్క చెప్పితిని. తక్కువ వేడిమిలో ఆరిన పప్పును గీకుటచే ఎన్ని గుండ్లు బద్దలైనవో, ఎన్ని బద్దలు ముక్కలైనవో ఆ వారపు తూకపు పుస్తకములోనే యున్నది. కమిలినదానివలె విఱిగినదియు వెల తగ్గినదే. కూలిదాని నష్టము చుట్టు తిరిగి ఆతని పెట్టెలోనికే వచ్చియుండెను. ఆతడు పుస్తకమును రెండుమార్లు త్రిప్పి చూచి, "అయితే అప్పను పిలువుడు" అనెను.

ఆ సాయంకాలము పెట్టె మరల ఆరబెట్టు గది గోడమీదికి, అందఱి కన్నుల యెదుటికి వచ్చినది. అంకెను 70కి కట్టి, రెండు డిగ్రీలు తగ్గగానే కమ్మీలు కలియునట్లు చేసితిమి. పళ్లెరములను నడిమివేళ ముందువి వెనుకకును, వెనుకవి ముందునకును మార్చవలెనని నిర్ణయించితిమి. రహస్యసంఖ్య యజమానికిని, ఆ పెద్దావిడకును తెలియును. గోడకు వ్రేలాడదీసిన నోటుపుస్తకములో గంటగంటకు మూడు సంగతులు వ్రాయవలెను: వేళ, అంకె, నలిపిన పప్పు పొట్టు తీరు. ఆమెకు వ్రాత రాదు. ఆమె చెప్పగా మనుమరాలు వ్రాయును.

పెద్దలారా, మీ యూళ్లలో ఇట్టి గదులు కలవారును, వానిలో పనిచేయువారును ఉన్నారు. పాతయంత్రమును మార్చదలచినవారు నిర్భయముగా మార్చుకొనుడు, క్రొత్తది మేలైనదే. అయితే తీగలను ముట్టకమునుపు విద్యుత్తు ఆపుడు. కడ్డీని సరకున్నచోట నుంచుడు, తలుపు వద్ద నుంచకుడు. పాతయంత్రము పనిచేయుచుండగనే ఆ గదిని ఎఱిగిన మనిషిని అడిగి, ఏ వేళకు పప్పు ఎట్లుండవలెనో వ్రాసికొనుడు. అంకెను అందఱును చూచునట్లు పెట్టుడు.

ఈ మధ్య నేనా గదికి పోయితిని. అంకె 69 చూపుచుండెను. పెద్దావిడ అంకె వంక చూడనేలేదు. నాలుగు పప్పులు తీసి నలిపి, వాసన చూచి, "ఇంకో అరగంట" అని మనుమరాలితో చెప్పెను. ఆ పిల్ల వ్రాసికొనెను.